పందుల పెంపకందారుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువగా నలిగింది ఒకటే గొడవ: పిల్లలకు పాలు ఎప్పుడు మాన్పించాలి? ఒకప్పుడు మనవాళ్లు రెండు నెలల దాకా తల్లి దగ్గరే వదిలేసేవారు. ఇప్పుడు కొందరు 3 వారాలకే విడదీస్తున్నారు. తల్లి త్వరగా ఎదకొస్తుంది, ఇంకో ఈత (కాన్పు) కలిసొస్తుందని ఆశ.

లెక్క వేసి చూశాం. చూలు 114 రోజులు, పాలు మాన్పించాక ఎదకు రావడానికి వారం. 56 రోజులకు విడదీస్తే ఏడాదికి రెండు ఈతలు, 28కి అయితే దాదాపు రెండున్నర. 21కే విడదీస్తే ఈతకు అదనంగా మిగిలేది ఒక్క వారం.

ఆ వారానికి ఆశపడి నేనూ దెబ్బతిన్నాను, దాచడమెందుకు. ఒక ఈతను 20వ రోజున వేరు చేశాను. మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే పిల్లలన్నీ మూలన ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. తోకల కింద తడి. తొట్టిలో దాణా వేసింది వేసినట్టే ఉంది. ముందు పోయినవి వెనక చన్ను పట్టిన బక్క పిల్లలే.

పందిపిల్లకు కడుపులో ఉండగా తల్లి నుంచి యాంటీబాడీలు (రోగాలతో పోరాడే ప్రోటీన్లు) అందవు, మాయ వాటిని దాటనివ్వదు. పుట్టిన రోజు తాగిన జున్నుపాలతోనే అవి రావాలి. ఒక రోజు గడిచాక పేగు వాటిని రక్తంలోకి పోనివ్వదు. అలా వచ్చినవి 3, 4 వారాలకు బాగా తగ్గుతాయి, సొంత రోగనిరోధక శక్తి అప్పటికి ఇంకా కుదురుకోదు. సరిగ్గా అప్పుడే పాలు ఆపితే, పేగుకు కాపలా కాసే పాలలోని యాంటీబాడీలూ ఆగిపోతాయి. ఇక పారుడే. యూరోపియన్ యూనియన్‌లో 28 రోజుల లోపు విడదీయకూడదని రూలే ఉంది. ఖాళీ చేసి కడిగిన ప్రత్యేక షెడ్డు ఉంటేనే ఒక వారం సడలింపు.

కాబట్టి 28 రోజులకు తగ్గొద్దని తీర్మానించాం. వెచ్చటి గది, పిల్లల దాణా లేనివాళ్లు 6 వారాలు ఆగడమే మేలు. తల్లిని తీసేయండి, పిల్లల్ని మాత్రం అదే గదిలో ఉంచండి. రెండో వారం నుంచే కాస్త దాణా రుచి చూపించండి.

పందుల్ని చంపే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు మన దగ్గర టీకా లేదు. అది మిగుళ్లలోని పంది మాంసంతోనూ అంటుకుంటుంది కాబట్టి హోటల్ మిగుళ్లు ఉడకబెట్టకుండా పెట్టొద్దని మళ్లీ చెబుతున్నాం. చందా బాకీలు అలాగే ఉన్నాయి.

ఈత కార్డులు ముద్రించాం, తలా పది తీసుకెళ్లండి. ఈనిన తేదీ రాయండి. "సంక్రాంతికి ముందెప్పుడో ఈనింది" అంటే 28 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

కార్యదర్శి