మా పాత ఇంజిన్‌ని చదవడం నేర్పిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

పోయిన శనివారం మా బోటు మళ్లీ నీళ్ల మీద తిరిగింది. గెమెస్ చానెల్ అనే జలసంధి దాకా వెళ్లి వచ్చినా ఇంజిన్ టెంపరేచర్ ముల్లు 180 ఫారెన్‌హీట్ దగ్గరే నిలబడింది. దీనికి కారణమైన వాళ్లందరికీ నలుగురి ముందూ దణ్ణం పెట్టాలనిపించి ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

బోటు 1976 నాటి గ్రాండ్ బ్యాంక్స్ 36, సింగపూర్‌లో కట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలో అనకోర్టెస్‌లో కట్టేసి ఉంటుంది. ఒకటే ఇంజిన్, ఫోర్డ్ లేమన్ 120. మాకు అమ్మినవాళ్లకి ఆ బోటు వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది. ఎప్పుడు ఏ సామాను మార్చారో ఆయనకే తెలుసు, ఆయన లేరు. కాగితం ఒక్కటీ దొరకలేదు.

ఈ ఇంజిన్ ఒక్కరి చేతి పని కాదు. అసలు దిమ్మ ఇంగ్లండ్‌లో ఫోర్డ్ వాళ్లు తయారుచేసిన ఆరు సిలిండర్ల డీజిల్, 380 క్యూబిక్ అంగుళాలది, వాళ్ల లెక్కలో 2715ఇ. దాన్ని న్యూజెర్సీలోని లిండెన్‌లో లేమన్ కంపెనీ తీసుకుని, సముద్రానికి పనికొచ్చేలా మానిఫోల్డూ, ఉప్పునీళ్లతో ఇంజిన్ వేడిని లాగేసే హీట్ ఎక్స్ఛేంజరూ, కూలర్లూ తగిలించింది. సిలిండర్లలోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు సిమ్స్ వాళ్లది. గేర్‌బాక్సు బోర్గ్ వార్నర్ వాళ్ల వెల్వెట్ డ్రైవ్. వీటన్నిటి మీదా పొర మీద పొర ఎర్ర పెయింటు. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఇంజిన్‌ని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లాగే ఉప్పునీటి పంపు అడుగున ఉండే చిన్న రంధ్రంలోంచి చుక్కలు కారడం మొదలైంది. ఆ నీళ్లు పొగతో కలిసి బయటికి పోయే ఎగ్జాస్టులో ధార సన్నబడింది. ముల్లు పైకి పాకింది. ఒక షాపులో ఫొటో చూసి పంపు ఇచ్చారు. బోల్టు రంధ్రాలు కుదిరాయి గానీ షాఫ్టు చివర కుదరలేదు.

అప్పుడు మా బావగారు వాళ్ల స్నేహితుడి నంబరు ఇచ్చారు. ఆయన ఓడల్లో చీఫ్ ఇంజినీరు, సెలవు మీద గాజువాకలో ఉన్నారు. మాకిక్కడ రాత్రి అయితే ఆయనకి పొద్దున్న. వాట్సాప్ వీడియోలో పంపు చూపించగానే, "తమ్ముడూ, ఇదేంటని తర్వాత అడుగుదువుగానీ, ముందు ఆ రంగు తియ్యి. అంకెలు దాని కిందే ఉంటాయి" అన్నారు. స్క్రూడ్రైవర్‌తో గీకనివ్వలేదు. పెయింటు రిమూవరు రాయించి, పాత టూత్‌బ్రష్షుతో తోమించారు. చిన్న ఇత్తడి ప్లేటు బయటపడింది, చివరి రెండంకెలు అరిగిపోయి ఉన్నాయి. సుద్దపొడి రుద్ది తుడిచి, టార్చి ఎదురుగా కాకుండా పక్కవాటుగా వెయ్యమన్నారు. అంకెలు తేలాయి! అంతటితో ఆగలేదు ఆయన. పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, దాని వ్యాసం, వెడల్పు, రెక్కల లెక్క, షాఫ్టు మందం అన్నీ వెర్నియర్‌తో కొలిపించి, నంబరూ కొలతలూ రెండూ సరిపోతేనే ఆర్డరు పెట్టమన్నారు. అన్నయ్యా, మీ సెలవులో ఎన్ని గంటలు నాకిచ్చారో వదినగారికి తెలుసు. ఆవిడకీ నా నమస్కారాలు.

మా పక్క స్లిప్‌లో (బోటు కట్టేసే చోటు) ఉండే పెద్దాయన సంగతి ఇంకొకటి. అలాస్కా సాల్మన్ బోట్లకి మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. నేను కొత్త ఇంపెల్లర్ పట్టుకుని దిగబోతుంటే పాతది చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. రెండు రెక్కలు లేవు. "ఇవి ఎక్కడికో పోయి ఉండాలి కదా. దొరికేదాకా కొత్తది వెయ్యొద్దు" అన్నారు. ఆయనే మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు వెళ్లే దారంతా ఒక్కో గొట్టం విప్పించారు. ఒక రెక్క ఆయిల్ కూలర్ మూతి దగ్గర అడ్డం పడి ఉంది. రెండోది హీట్ ఎక్స్ఛేంజర్ మూత వెనక, జింకు ముక్కలతో కలిసి సన్నగొట్టాల నోళ్లు మూసేసి ఉంది. ఆ జింకు కడ్డీ ఉప్పునీళ్లలో తాను తినబడి మిగతా లోహాన్ని కాపాడటానికే ఉంటుంది. వేళకి మార్చకపోతే విరిగి అదే అడ్డం పడుతుంది. పంపు ఒక్కటే మార్చి ఉంటే ముల్లు మళ్లీ ఎక్కేదే.

ఇంజెక్షన్ పంపు చూసి, "దీనికి ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అని కూడా అడిగారాయన. ఇంజిన్ ఆయిలే దానికీ వెళ్తుందనుకుంటారు చాలామంది. ఈ 120లో ఆ సిమ్స్ పంపుకి సొంత ఆయిలు ఉంటుంది. 50 గంటలకోసారి మార్చాలి. ప్లగ్గు విప్పితే నల్లగా, పల్చగా, డీజిల్ వాసనతో దిగింది. పంపు పాడైతే అయ్యే ఖర్చు తలుచుకుంటే ఆ ఒక్క ప్రశ్నకే ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

సామాన్ల కౌంటర్‌లో ఉండే ఆవిడకి విడిగా చెప్పాలి. కూలర్‌కి బిగించాల్సిన అరంగుళం ఇత్తడి ఫిట్టింగు నేను అడిగినట్టు ఇచ్చేయకుండా, పాతది తెచ్చి చూపించమన్నారు. గేజి పెట్టి చూశారు. అరంగుళంలో అమెరికా పైపు మరకీ బ్రిటిష్ పైపు మరకీ అంగుళానికి 14 చుట్లే, కానీ ఒకదాని కోణం 60 డిగ్రీలు, రెండోదానిది 55. చేత్తో తిప్పితే ఎక్కేస్తుంది, బిగించాక కారుతుంది. మాది బ్రిటిష్ మర. మనకెందుకులే అనుకుని ఉంటే ఆవిడకి పోయేదేమీ లేదు, మాకు మాత్రం ఇంజిన్ రూములో ఉప్పునీళ్లు కారేవి.

మా ఆవిడ విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, నంబరూ కొలతలూ తయారుచేసినవాళ్ల పేరూ ఒక పుస్తకంలో రాసింది. కాకినాడలో జగన్నాథపురం ఉప్పుటేరు పక్కన పెరిగిన పిల్ల, డీజిల్ వాసనకి బెదరదు. ఆ పుస్తకం ఇప్పుడు బోటులోనే ఉంటుంది.

అన్నయ్యా, మీ ఓడ ఎప్పుడైనా మా రాష్ట్రంలోని టకోమా రేవుకి వస్తే ఒక్క మెసేజి పెట్టండి, నేనొచ్చి తీసుకెళ్తాను. పెద్దాయనా, ఈ వేసవిలో మీ డెక్కుకి పెయింటు వేసే పని నాది, కాదనొద్దు. లేమన్ 120 ఉన్న బోటు ఎవరి దగ్గరున్నా, ఏ భాగం నంబరు కావాలన్నా మొహమాటపడకుండా అడగండి, పుస్తకంలో పేజీ ఫొటో తీసి పంపిస్తాను.