లోతు దుక్కికి నోచుకోని నేల

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో వియత్నాం, లావోస్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, ఖర్చుల వివరాలు కొత్తగా వెళ్లేవారికి పనికొస్తాయి. కానీ లావోస్‌ను 'యుద్ధ గాయాలు పూర్తిగా మానిన ప్రశాంత దేశం' అన్నారు. ఆ మాట నిజం కాదు. అది చదివి అక్కడికి వెళ్లేవారికి ప్రమాదం కూడా. అందుకే ఈ ఉత్తరం.

నేను, నా భార్య పోయిన చలికాలంలో ఆ దేశానికి ఉత్తరాన ఉన్న షియంగ్ ఖువాంగ్ రాష్ట్రానికి వెళ్లి వచ్చాం. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఎక్కడికి వెళ్లినా నా కళ్లు ముందు పొలాల మీదికే పోతాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎండాకాలం రాగానే ఊరూరా తిరిగి రైతులకు ఒకటే చెప్పేవాణ్ణి: వేసవి దుక్కులు లోతుగా చేయండి, పురుగుల కోశాలు, కలుపు గింజలు ఎండకు చస్తాయి, తొలకరి వాన నేలలో ఇంకుతుంది అని. ఆ సలహా షియంగ్ ఖువాంగ్ రైతుకు చెబితే అతని ప్రాణం తీసినట్టే.

ఎందుకంటే 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు ఈ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. 5,80,000 సార్లు దాడికి వచ్చాయి. లెక్క వేస్తే తొమ్మిదేళ్లపాటు, రాత్రనక పగలనక, ఎనిమిది నిమిషాలకు ఒక విమానం చొప్పున. లావోస్ తటస్థ దేశమని 1962లో జెనీవాలో అందరూ సంతకాలు చేశారు, అమెరికాతో సహా. అయినా తూర్పు కొండల గుండా ఉత్తర వియత్నాం సైన్యం హోచిమిన్ బాటలో సరుకు తరలిస్తోందని, షియంగ్ ఖువాంగ్ కమ్యూనిస్టు దళాలకు స్థావరమని అమెరికా ఈ యుద్ధాన్ని తన ప్రజలకు సైతం చెప్పకుండా నడిపింది. థాయిలాండ్ స్థావరాలకు తిరిగి పోతూ మిగిలిపోయిన బాంబులను లావోస్ మీదే వదిలించుకున్న విమానాలూ ఉన్నాయి.

ఆ బాంబుల్లో చాలా వాటిని క్లస్టర్ బాంబులంటారు. పెద్ద తొట్టి లాంటిది గాలిలో తెరుచుకుంటే అందులోంచి వందలకొద్దీ చిన్న గుండ్లు చెదిరి పడతాయి. టెన్నిస్ బంతి అంత ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని 'బాంబీ' అంటారు. ఇలాంటివి 27 కోట్లు పడ్డాయని, వాటిలో దాదాపు 8 కోట్లు పేలకుండా నేలలో ఉండిపోయాయని అంచనా. యుద్ధం ముగిశాక ఇవి పేలి చనిపోయినవారు, అవయవాలు పోగొట్టుకున్నవారు 20 వేలకు పైమాటే. బంతి అనుకుని చేతిలోకి తీసుకున్న పిల్లలు అందులో ఎందరో.

ఇక నేను చూసింది చెబుతాను. షియంగ్ ఖువాంగ్ రాష్ట్రానికి పాత రాజధాని మువాంగ్ ఖూన్ యుద్ధంలో నేలమట్టమైంది. ఆ తర్వాతే ఫోన్సావన్‌ను కొత్త రాజధానిగా కట్టుకున్నారు. మువాంగ్ ఖూన్‌లో కప్పు ఎగిరిపోయిన గుడిలో, మొండి ఇటుక స్తంభాల నడుమ బుద్ధుడు ఆరుబయట కూర్చుని ఉంటాడు. ఆ దారిలోనే ఒక ఇంటి ముందు ఆగాం. యాభై ఏళ్లుండే ఒక తల్లి పెరట్లో మడి తవ్వుతోంది. ఆమె పార ఎత్తే తీరు చూసి నాకు మొదట అర్థం కాలేదు. పార భుజం దాటి లేవదు. పక్కవాటంగా, నాలుగు వేళ్ల లోతుకు మించకుండా మట్టిని గీరుతోంది. పారకు ఏదైనా గట్టిగా తగిలితే చేయి ఆపి, వంగి, వేళ్లతో మట్టి తప్పించి చూస్తోంది. అది రాయి. తీసి గట్టు మీద పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. మా గైడు ద్వారా అడిగాను, ఇంకొంచెం లోతుగా తవ్వితే కూరగాయలు బాగా వస్తాయి కదా అని. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. తన మరిది పక్క చేలోనే గడ్డపార వేశాడని, ఒక చేయి, ఒక కన్ను పోయాయని చెప్పింది. అంతే, తిరిగి పనిలో పడింది. నా భార్య ఆ పక్కనే కూర్చుని ఏరిన రాళ్లను కుప్ప చేస్తూ ఉండిపోయింది.

ఆ ఇంటి పక్కన క్లస్టర్ బాంబు తొట్టి సగం చెక్క ఒకటి నాలుగు కర్రల మీద నిలబెట్టి, మట్టి నింపి, ఉల్లినారు పోశారు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ల దగ్గర ఇలాంటివి కనిపిస్తాయి. మీ వ్యాసంలో దాన్ని 'ముచ్చటైన పూలతొట్టి' అని రాశారు. ఆ పెరట్లో ఎంత లోతుకైనా వేలు పెట్టగలిగిన మట్టి అదొక్కటే అని నాకు తోచింది. మంటల సంగతీ అంతే. చలికి నెగడు వేసుకున్నా, నేల మీద పొయ్యి పెట్టినా ఆ వేడికి అడుగున ఉన్న గుండు పేలవచ్చు. అలా వంట చేసుకుంటూ పోయినవారూ ఉన్నారు.

పర్యాటకులు తప్పక వెళ్లే రాతి జాడీల మైదానం గురించి వ్యాసంలో 'స్వేచ్ఛగా తిరగండి' అని ఉంది. దయచేసి ఆ మాటను సవరించండి. రెండు వేల ఏళ్ల నాటి ఆ పెద్ద పెద్ద రాతి జాడీలకు 2019లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది, తప్పక చూడవలసినవే. కానీ అక్కడ నేలలో చిన్న సిమెంటు పలకలు పాతి ఉంటాయి, ఒక సగం తెలుపు, ఒక సగం ఎరుపు. తెలుపు వైపు నేల లోపల కూడా పరికరాలతో వెతికి బాంబులు తీసేశారు. ఎరుపు వైపు పైకి కనిపించినవే తీశారు. ఫొటో కోసం ఆ గీత దాటిన కుర్రవాళ్లను చూసి మా గైడు గట్టిగా కేకవేశాడు. అలాగే బజారులో అమ్మే పాత బాంబు తొడుగులు, గుండ్లు జ్ఞాపికలంటూ కొనకండి. మనం కొంటే ఏ పేదింటి పిల్లవాడో ఇనుము కోసం అడవిలో మళ్లీ వెతుకుతాడు.

పేలని బాంబుల ఏరివేత పని 1990ల నుంచి నడుస్తోంది. దారాలు కట్టి నేలను సన్నని బాటలుగా విడదీసి, లోహాన్ని పసిగట్టే పరికరంతో అంగుళం అంగుళం వెతుకుతారు. మేకు ఉన్నా అది మోగుతుంది, మోగిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో తవ్వాలి. మేం చూసిన బృందంలో ఎక్కువమంది ఆడవాళ్లే, చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డలు. దొరికిన గుండును కదపరు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మైకులో ఊరిని హెచ్చరించి అక్కడే పేల్చేస్తారు. పొలాల్లో మామూలుగా 25 సెంటీమీటర్ల లోతు వరకే వెతుకుతారు. మన దగ్గర ట్రాక్టరు రెక్క నాగలి దిగే లోతు కూడా దాదాపు అంతే. అంటే ఏరివేసిన పొలంలోనూ ఆ రైతుకు కొంత భయం మిగిలే ఉంటుంది.

2016లో ఒబామా లావోస్ వెళ్లి మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. కాదనను, మంచిదే. కానీ పరాయి ప్రభుత్వం దయ మీద నడిచే పని ఎప్పుడైనా ఆగవచ్చు. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు ఈ పనులకూ ఆ దెబ్బ తగిలింది.

మరి మన సంగతి? 1954 జెనీవా ఒప్పందాల తర్వాత లావోస్‌లో శాంతిని పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించింది భారతదేశమే. దక్షిణాన వాట్ ఫూ శివాలయాన్ని మన పురావస్తు శాఖ నిపుణులు పునరుద్ధరిస్తున్నారు. ఆ దేశంతో మనకు అంత సంబంధం ఉంది. క్లస్టర్ బాంబులను నిషేధించే ఒప్పందం 2008లో ఓస్లోలో సంతకాలకు వచ్చింది, 2010 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. సభ్యదేశాల మొదటి సమావేశం ఆ ఏడాదే లావోస్ రాజధాని వియెంటియాన్‌లో జరిగింది. వందకు పైగా దేశాలు చేరాయి. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ చేరలేదు, మనమూ చేరలేదు. సరిహద్దుల్లో మనకున్న ముప్పును తక్కువ చేసి మాట్లాడను. కానీ యుద్ధం ఆగి యాభై ఏళ్లు దాటాక కూడా రైతును, పసిపిల్లవాణ్ణి చంపే ఆయుధం ఏ దేశ రక్షణకూ అవసరమని నేను ఒప్పుకోలేను. ఇది పాతకథ కూడా కాదు. ఉక్రెయిన్ గోధుమ పొలాల మీద రెండు పక్షాలూ ఇవే బాంబులు వేస్తున్నాయి.

మీ వ్యాసానికి సవరణ వేయండి, జాగ్రత్తలు కనీసం ఒక పెట్టెలోనైనా ప్రచురించండి. పార్లమెంటు వచ్చే సమావేశాలకు ముందు రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను మీ విలేకరులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఒప్పందంలో భారతదేశం చేరాలని మీరు సభలో అడుగుతారా, లేదా? ఎవరు ఏం చెప్పారో పేరుపేరునా అచ్చువేయండి.

భవదీయుడు,
విశ్రాంత వ్యవసాయాధికారి, తెనాలి