జవాను నోరు విప్పే యూనిట్ కావాలి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పదాతి దళ బెటాలియన్‌లో సుమారు 800 మంది ఉంటారు. వాళ్లలో ఎంతమంది ఉన్నమాట పైకి చెప్పగలుగుతున్నారన్నది సీఓ (బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్), కంపెనీ (బెటాలియన్‌లోని ఒక విభాగం) కమాండర్ల తీరును బట్టే ఉంటుంది. దీన్ని కొలవడం తప్పనిసరి చేయమని అడగడానికే ఈ లేఖ.

సీఓ జవాన్లందరితో మాట్లాడే సైనిక్ సమ్మేళన్ నెలనెలా జరుగుతోంది కదా అనవచ్చు. దానికి ముందే కంపెనీల్లో ‘పాయింట్లు’, అంటే జవాన్లు చెప్పుకోవాల్సిన సమస్యలు, తీసుకుంటారు. ‘ఇది మన దగ్గరే చూసుకుందాం’ అంటూ హవల్దార్ స్థాయిలో కొన్ని, సుబేదార్ స్థాయిలో కొన్ని ఆగిపోతాయి. సీఓ సాబ్ ‘కోయీ పాయింట్?’ అని అడిగేసరికి మిగిలేవి క్యాంటీన్ సరుకులు, నీళ్ల ట్యాంకు. 1950 ఆర్మీ చట్టం 26వ సెక్షన్ జవానుకు ఫిర్యాదు హక్కు ఇచ్చింది. కానీ సెలవు, కోర్సు, ప్రమోషన్ అన్నీ ఫిర్యాదు అందుకునే చేతుల మీదుగానే వెళ్తాయి. 2017లో పెట్టిన ఫిర్యాదుల పెట్టె మంచిదే, అయితే అందులో చీటీ వేసేది అప్పటికే విసిగిపోయినవాడు. మిగతా కంపెనీ సంగతి దానివల్ల తెలియదు.

సెలవులే చూడండి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్. ఒక కంపెనీలో మూడు నెలల సెలవుల ప్లాన్ బోర్డు మీద ఉంటుంది. ఎవరిదైనా ఆపాల్సి వస్తే కంపెనీ కమాండరే పిలిచి కారణం, కొత్త తేదీ చెబుతాడు. ఇంకో కంపెనీలో రోల్‌కాల్‌లో ‘సాబ్ కుదరదన్నారు’ అనే ఒక్క ముక్కతో సరి. సెలవు రోజులు ఇద్దరికీ ఒకటే. కానీ రెండో కంపెనీ జవాను తిట్లకు భయపడి, రేడియో బ్యాటరీ దిగిపోయిందని కూడా చెప్పడు. గస్తీ దళం బయల్దేరాక ఆ మౌనం ప్రాణాల మీదికి తెస్తుంది.

నాలుగేళ్ల కోసం చేరే అగ్నివీర్ల పరిస్థితి మరీ సున్నితం. ఏడాదికి సెలవు 30 రోజులే, నాలుగేళ్లయ్యాక ఉంచుకునేది 25 శాతం మించకుండా. తన భవిష్యత్తు తేల్చే అధికారి గురించి ఆ కుర్రాడు ఎలా మాట్లాడతాడు? హిందీ అంతంతమాత్రంగా వచ్చిన శ్రీకాకుళం అబ్బాయైతే అసలే మాట్లాడడు.

అమెరికాలో కొత్త కమాండర్ వచ్చిన 120 రోజుల్లోపు, ఆపైన ఏటా యూనిట్ వాతావరణంపై సర్వే జరపాలని 2013లో చట్టమే చేశారు. మనకు 20 ప్రశ్నల కాగితం చాలు. జవాను మాతృభాషలో ఉండాలి, పేరు, నంబరు ఉండకూడదు. పెట్టెకు సీలు వేసి, బ్రిగేడ్ (కొన్ని బెటాలియన్లపై ఉండే స్థాయి) నుంచి వచ్చిన బయటి బృందమే తెరవాలి. ఫలితాలు కంపెనీలవారీగా ఇవ్వాలి. పదిమంది కన్నా తక్కువున్న గుంపును విడిగా చూపితే ఎవరేమన్నారో తెలిసిపోతుంది.

మొదటి సర్వేను సీఓ ఏసీఆర్‌తో (పనితీరుపై ఏటా రాసే రహస్య నివేదిక) ముడిపెట్టకండి. పెడితే ముందు రోజు రోల్‌కాల్‌లోనే జవాబులు నేర్పించేస్తారు. 30 రోజుల్లో సీఓ సమ్మేళన్‌లో నిలబడి, ఏ మూడు విషయాలు సరిచేస్తాడో చెప్పాలి. ఆరు నెలలకు అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. అడిగి ఊరుకుంటే రెండోసారి అందరూ ‘బాగుంది’ మీదే టిక్కు పెడతారు. సర్వేలున్న అమెరికా సైన్యంలోనే ఫోర్ట్ హుడ్ స్థావరంలోని వాతావరణంపై 2020 డిసెంబరులో విచారణ నివేదిక వచ్చాక 14 మంది అధికారులు, ఇతర బాధ్యులను తొలగించడమో సస్పెండ్ చేయడమో జరిగింది. అంటే సర్వే ఒక్కటే చాలదు, కాబట్టి ఫలితాలను బ్రిగేడ్ కమాండర్ స్వయంగా చదవాలి, సంతకం చేయాలి.

ముందు ఒక్క బ్రిగేడ్‌లోని మూడు బెటాలియన్లలో ఏడాదిపాటు జరిపించండి.

ఇట్లు,
కొందరు మాజీ సైనికాధికారులు