మిర్చి యార్డు అన్నకు, ఇంకా చాలామందికి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అక్షరాలు తప్పు పోతే సర్దుకుని చదువుకోండి. మా పాప బోన్‌మ్యారో రిపోర్టు ఇవాళ సాయంత్రం వచ్చింది. రెమిషన్‌లోకి వచ్చిందన్నారు డాక్టరుగారు. ఒంట్లో ఇంకా మిగిలిన జబ్బు కణాలను వెతికే పరీక్ష, ఎమ్మార్‌డీ, అదీ నెగెటివ్. అంటే జబ్బు పోయిందని కాదు, మొదటి విడత మందులకు లొంగిందని. ఇంకా రెండేళ్లకు పైగానే మందులు వాడాలి. అయినా ఈ పూటకు ఇది చాలు మాకు. ఫోన్లు చేసి అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. పాపకు నాలుగేళ్లు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ విడిచి విడిచి జ్వరం. రాత్రుళ్లు కాళ్లు నొప్పులని ఏడుపు. ఒంటి మీద ఎక్కడ చెయ్యి పడితే అక్కడ నీలంగా కమిలేది. మొదట చూపించిన చోట, ఎదిగే పిల్లలకు కాళ్లనొప్పులు మామూలేనని బలానికి సిరప్పు రాశారు. మళ్లీ వెళ్తే యాంటీబయాటిక్ మార్చారు. వంద, రెండొందల్లో అయిపోయే రక్తపరీక్ష రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి పొన్నూరులో ఒక పిల్లల డాక్టరుగారు పాప కనురెప్ప లాగి చూసి, అప్పటికప్పుడు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇంటికెళ్లొద్దు, ఇటు నుంచి ఇటే గుంటూరు వెళ్లండి" అన్నారు. అక్కడ ఏఎల్‌ఎల్ అని తేలింది. రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఇదేనట, బాగా నయమయ్యేదీ ఇదేనట. ఆ రెండో ముక్క పట్టుకునే ఇన్నాళ్లూ గడిపాం.

మా ఆయన, మా అమ్మ, అత్తయ్యగారు, మరిది, మా అన్నయ్యా వదినా అందరూ ఎవరి పని వాళ్లు చేశారు. ఇంట్లో వాళ్లకు థాంక్స్ చెబితే కొడతారు. నేను రాయాలని కూర్చున్నది ఒక్క మనిషి గురించి. ఆయన ఇది చదవడు, ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. పేరు రాస్తానంటే వద్దన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీ.

కీమో మొదలయ్యాక జబ్బు కణాలతో పాటు మంచివీ పడిపోతాయి. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ప్లేట్‌లెట్లు, లక్షన్నరకు పైన ఉండాల్సినవి మా పాపకు తొమ్మిది వేలకు దిగాయి. ముక్కులోంచి రక్తం. దూదితో అదిమి పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మళ్లీ. పదివేల లోపుకు వస్తే లోపల ఎక్కడైనా రక్తం కారొచ్చు, అర్జంటుగా ఎక్కించాలి, ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి మిషన్‌తో తీసిన ప్లేట్‌లెట్ల సంచీ, తెచ్చుకోండి అన్నారు. తెచ్చుకోండి అంటే దుకాణంలో దొరికేది కాదు కదా. ఎర్ర రక్తమైతే ఫ్రిజ్‌లో నెలకు పైగా ఉంటుంది. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే ఆగుతాయి, అందుకే ఎవరూ ఎక్కువ నిల్వ పెట్టరు. ఒక మనిషి వచ్చి గంటా గంటన్నర మిషన్ దగ్గర పడుకుంటే గానీ ఆ సంచీ తయారవదు. మార్చి, ఏప్రిల్‌లో కాలేజీ పిల్లలకు పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. రక్తదాన క్యాంపులు ఉండవు.

మాది బీ పాజిటివ్, అరుదైన గ్రూపేం కాదు. ఫోన్లు చేస్తే పిల్లలు వచ్చారు కూడా. ఒకబ్బాయి ఈమధ్యే టాటూ వేయించుకున్నాడని పంపేశారు. ఒకబ్బాయికి నరం సన్నం. ఇంకొకడికి ప్లేట్‌లెట్లే తక్కువ. నేనిస్తానంటే నాకు హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలట, నాది తొమ్మిదిన్నర. మరిది అంతకుముందే ఒకసారి ఇచ్చాడు, అది అయిపోయింది. ఇలా ఉండగా రాత్రి తొమ్మిది దాటాక ఈయన వచ్చాడు. యార్డులో టీ తాగుతుంటే ఎవరో గుమస్తా వాట్సాప్ స్టేటస్‌లో మా మెసేజ్ పైకి చదివాడట. గతంలో తోటి కూలీకి యాక్సిడెంటయితే రక్తమిచ్చాడు, అప్పటి కార్డు జేబులో ఉంది, బీ పాజిటివ్ అని తెలుసు. అంతే, సైకిలేసుకుని వచ్చేశాడు.

ఆయన లోపలికి రాగానే టెక్నీషియన్ తుమ్మింది. నాకూ గొంతు గరగరలాడింది. మిరపకాయల ఘాటు. "తానం చేసే వచ్చానమ్మా, అయినా పోదు ఇది" అని ఆయనే నవ్వాడు. పరీక్షలన్నీ బాగున్నాయి. నరం చూసి టెక్నీషియన్ మొహం వెలిగిపోయింది. చివర్లో, ఈ మూడు రోజుల్లో నొప్పి మాత్రలేమన్నా వేసుకున్నావా బాబాయ్ అని అడిగింది. వేసుకున్నానన్నాడు. జేబులోంచి స్ట్రిప్పు తీసి చూపించాడు. రోజంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తే పడుకునే ముందు ఒకటి పడాల్సిందేనట. ఆ మాత్రలో ఆస్పిరిన్ ఉంది. అది వేసుకున్న మనిషి ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టించవు, మూడు రోజులు ఆగాలి అని చెప్పింది.

నేను మాట్లాడలేకపోయాను. ఆయనే, "మూడ్రోజులు మాత్ర మానేసి వస్తే పనికొస్తదా?" అని అడిగాడు. పనికొస్తుందంది. ఆ రాత్రికి వేరే దారి చూసుకున్నాం. విజయవాడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి కారేసుకుని వచ్చి ఇచ్చి వెళ్లాడు, ఆయనకూ దండం. నిజం చెప్పాలంటే ముఠా అన్న మళ్లీ వస్తాడని మేమెవరం అనుకోలేదు. ఎందుకొస్తాడు? మేమేమవుతాం ఆయనకు?

చెప్పిన రోజుకు వచ్చాడు. అప్పటికి పాప ప్లేట్‌లెట్లు మళ్లీ పడిపోయి ఉన్నాయి. ఏప్రిల్‌లో యార్డు ఎలా ఉంటుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైమాటే. అవి మోసి మోసి, రాత్రి మాత్ర లేకుండా పడుకుని, తెల్లారి మళ్లీ మోసి వచ్చాడు. మంచం మీద పడుకోబోతూ చొక్కా చెయ్యి పైకి మడుచుకోవడానికి ఆయనకు భుజం లేవలేదు. మా ఆయన మడిచారు. మెడ దగ్గర నుంచి భుజం దాకా వాచి, ఎర్రగా కందిపోయి ఉంది. "రెండ్రోజుల్నుంచి సరిగా నిద్రపట్టలా, అంతేలే" అన్నాడు మామూలుగా.

క్యాన్సర్ అని చెప్పిన రోజు నేను ఏడవలేదు. పాపకు వెన్నులో సూది వేస్తుంటే తల పట్టుకుని నిలబడ్డాను, అప్పుడూ ఏడవలేదు. ఆ భుజం చూసి ఏడ్చాను. బ్లడ్ బ్యాంకు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, దారిన పోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చాను.

మళ్లీ లోపలికి వచ్చేసరికి మిషన్ తిరుగుతోంది. ఆయన రక్తం ఒక గొట్టంలోంచి వెళ్లి, ఎర్రది మళ్లీ ఒంట్లోకి వచ్చేస్తోంది. పైన సంచిలోకి గంజిలో చిటికెడు పసుపు కలిపినట్టు ఒకటి దిగుతోంది. చేతిలో స్పాంజి బంతి పెట్టి నొక్కుతూ ఉండమన్నారు. ఆ అరచెయ్యి కాయలు కాచి, వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. పెదాలు చిమచిమలాడుతున్నాయంటే కాల్షియం మాత్ర ఇచ్చారు. దానికి భయపడ్డాడు పాపం, ఇది వేసుకుంటే మళ్లీ మూడు రోజులు ఆగాలంటారేమోనని.

మా పాప పద్నాలుగు కిలోలుంటుంది, సంచీ మొత్తం అక్కర్లేదు. పక్క మంచం మీద పల్నాడు నుంచి వచ్చిన బాబుకు కూడా అదే గ్రూపు, వాడికీ ఆ రోజు తక్కువగానే ఉన్నాయి. డాక్టర్లు చూసి చెరి సగం ఎక్కించారు. ఆ మాట చెబితే "ఇద్దరికా!" అని రెండుసార్లు అడిగాడు. పాపను చూసి వెళ్లమన్నాం. వార్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "నా ఒంటికి కాయ ఘాటు ఉంటదమ్మా, పిల్ల దగ్గుద్ది. ఇక్కడి నుంచే చూస్తా" అన్నాడు. తలుపుకున్న అద్దంలోంచి చూశాడు. స్టెరాయిడ్లతో బుగ్గలు ఉబ్బి, గుండుతో ఉన్న మా పిల్ల అప్పుడు ఉప్మా గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఆ మందులకు ఆకలి అలాగే ఉంటుంది, తెల్లవారుజామున రెండింటికి లేచి పప్పన్నం అడుగుతుంది. "బాగానే తింటందిగా, ఏం భయంలేదు" అన్నాడు. ఎంతమంది ఎన్ని ధైర్యాలు చెప్పారో, నాకు పట్టింది అదొక్కటే.

మా ఆయన డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. కూలి పోయింది కదన్నా అంటే, పోలేదన్నాడు. ముఠాలో మోసిందంతా లెక్కేసి అందరూ సమానంగా పంచుకుంటారట. ఆ పూట ఈయన పనిలో లేకపోయినా ఈయన వాటా ఈయనకు వేశారు. "నువ్వు పోయి ఇచ్చిరా, నీ టిక్కీలు మేం మోస్తాం" అన్నారట. ఆ ముఠాలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు, ఒక్కరి మొహం కూడా చూడలేదు. వాళ్లందరికీ ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను. తర్వాత పాపకు అవసరం పడి కబురు చేస్తే ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి ముందుగానే మాత్ర మానేసి రెడీగా ఉన్నాడు.

ఇక కడుపులో ఉన్నదొకటి చెప్పేస్తాను. కీమో కార్డు మీదే జరుగుతోంది. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు పుట్టిన పద్ధతి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, పేరేదైనా అది లేకపోతే మా పరిస్థితి ఊహించలేను. కానీ ప్లేట్‌లెట్లకు మనిషిని వెతుక్కొచ్చే పని తల్లిదండ్రులదే ఎందుకయింది? 2002లో కేంద్రం తెచ్చిన జాతీయ రక్త విధానం రక్తమంతా స్వచ్ఛంద దాతల నుంచే రావాలని చెప్పింది. కౌంటర్‌లో మాత్రం "డోనర్‌ని తెచ్చుకోండి" అనే మాటే. ఆన్‌లైన్‌లో చూస్తే స్టాకు ఉన్నట్టుంటుంది, ఫోన్ చేస్తే లేదంటారు. మాకు ఒక్కో ఎస్‌డీపీ కిట్‌కు పదివేల దాకా అయింది, అది చేతి డబ్బే. రాత్రి పూట వరండాలో ఒకడు పక్కకు పిలిచి, డబ్బులిస్తే డోనర్‌ని తెస్తానన్నాడు. డబ్బులకు రక్తం అమ్మడం 1998 నుంచి దేశంలో నిషేధం. వాడు దాక్కుని కూడా అడగలేదు. మాకైతే నలుగురికి ఫోన్ చేసే దిక్కుంది. పల్నాడు బాబు వాళ్ల అమ్మకు అక్షరం రాదు, వాళ్లాయన పొలం పనులకు వెళ్లిపోయాడు, ఆవిడ ఎవరికి ఫోన్ చేస్తుంది? ఆ రోజు మా సంచీలో సగం మిగిలింది కాబట్టి సరిపోయింది. మిగలకపోతే? ఇది రాస్తుంటే మళ్లీ కోపం వస్తోంది, ఆపేస్తున్నా.

మర్చిపోకముందే రాస్తాను. నైట్ డ్యూటీ సిస్టరమ్మ, పాప చేతికి ఎక్కడా నరం దొరక్కపోతే పాదం దగ్గర ఒక్క గుచ్చుకే పట్టుకుంది. వార్డు ఆయమ్మ, ఎవరూ చెప్పకుండానే మా మంచం చుట్టూ రెండోసారి తడిగుడ్డ పెట్టేది, పిల్లకు తెల్లకణాలు లేవని. మా స్కూల్ హెచ్చెమ్ మేడం, జీతం కోయలేదు, నా క్లాసులు మిగతా టీచర్లు పంచుకున్నారు. బ్రాడీపేటలో గది ఇచ్చిన ఇంటివాళ్లు, జబ్బు పేరు చెప్పాక కూడా అడ్వాన్సు తిరిగివ్వలేదు, అంతకుముందు ఇద్దరు ఇచ్చేశారు. మెసేజ్ ఫార్వర్డ్ చేసిన నా టెన్త్ బ్యాచ్ వాళ్లు. వచ్చి పనికిరాక వెళ్లిపోయిన ఆ ముగ్గురు పిల్లలు కూడా, టాటూ బాబుతో సహా, వాడు ఎంత బాధపడ్డాడో.

అయ్యో, టెక్నీషియన్ అమ్మాయిని రాయలేదు. ఆ మాత్ర సంగతి ఆ అమ్మాయి అడగకపోతే పనికిరానివి ఎక్కించుకునే వాళ్లం. డ్యూటీ అయిపోయాక కూడా ఆ సంచీ చేతికిచ్చే వెళ్లింది. ఇంకా కొత్తపేటలో మందుల షాపు కుర్రాడు, దొరకని ఇంజెక్షన్ కోసం నాలుగు చోట్లకు ఫోన్ చేసి తెప్పించాడు. పొన్నూరు డాక్టరుగారి పేరు రాయాలని ఉంది, ఆయనకు ఇష్టమో లేదో అడిగి రాస్తాను.

ప్లేట్‌లెట్లు ఇస్తామని అడుగుతున్న వాళ్లకు: తిని రండి, నీళ్లు బాగా తాగండి, ఆస్పిరిన్ ఉన్న మాత్ర వేసుకుని ఉంటే మూడు రోజులు ఆగి రండి. వేసవిలో రండి, అప్పుడే ఎవరూ ఉండరు. మా పాపకే ఇవ్వాలని లేదు, ఆ వార్డులో ఎవరికైనా సరే. శనివారం నుంచి తర్వాతి విడత మొదలు, మళ్లీ వెన్నులో మందు వేస్తారు. ఆ రెండు మూడు రోజులు ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోకండి, మెసేజ్ పెట్టండి, చూసుకుని చెబుతాను.