మన ఫిట్టర్లకూ లీకేజీలు పట్టే ట్రైనింగ్ ఇప్పించండి

అయ్యా,

ముప్పై ఏళ్లు పైపులైన్ ఫిట్టర్‌గా పనిచేశాను. ఇనుప కడ్డీ ఒక కొస వాల్వు మీద, రెండో కొస చెవికి ఆనించి, అర్ధరాత్రి బళ్ల రొద తగ్గాక వింటే లీకేజీ సన్నగా బుస్సుమంటుంది. అదీ మా మేస్త్రి నేర్పిందే. ట్రైనింగ్ అన్నదే ఎరగం.

కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో 70 శాతానికి పైగా నీళ్లు లెక్కకు రాకుండా పోయేవి. అక్కడివాళ్లు పట్టుబట్టారు. జపాన్‌లోని కిటాక్యూషూ నగరం తన నీటి సరఫరా సిబ్బందినే పంపి, పక్కన నిలబడి పని నేర్పించింది. 2010 నాటికి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది.

కల్యాణి డ్యామ్ అడుగంటితే తెలుగుగంగ వైపు చూసే తిరుపతికీ, నీటి సరఫరాలో ఆరితేరిన మరో నగరానికీ ఇలాంటి జోడీ కుదర్చండి. ఆఫీసర్లతో పాటు ఫిట్టర్లనూ, వాల్వులు తిప్పే కుర్రాళ్లనూ ట్రైనింగ్‌కు పంపండి.

– రిటైర్డ్ ఫిట్టర్, కొర్లగుంట, తిరుపతి