వెయ్యి రూపాయల సెక్షను: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. తప్పుడు కేసుల్లో జైలుకెళ్లి నిర్దోషులుగా బయటికొచ్చినవాళ్ల పరిహారం గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా నేను విజయవాడలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట ఒకాయన మా ఆఫీసుకొచ్చి, తన జడ్జిమెంటు సర్టిఫైడ్ కాపీ ఇంకొకటి తీసిపెట్టమన్నాడు. అతను నిర్దోషి అని కేసు కొట్టేసి అప్పటికే నాలుగేళ్లయింది. మొదటి కాపీ ఏమైందని అడిగాను. జేబులో పెట్టుకుని తిరిగితిరిగి మడతల దగ్గర చిరిగిపోయిందన్నాడు. ఇల్లు అద్దెకు అడిగినా, పనికి వెళ్లినా, చెల్లెలికి సంబంధం చూసినా ముందు ఆ కాగితమే తీసి చూపించాల్సి వచ్చేదట. ఈసారి లామినేషన్ చేయించి ఇచ్చాను. నాకు చేతనైంది అంతే.

మా దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో నందిగామ ప్రాంతపు పేదింటి కుర్రాణ్ణి అరెస్టు చేశారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే ‘ఇతను కాదు’ అన్నారు. అయినా 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అతని పేరు ఇక్కడ రాయను. టీవీల్లో అది ఇప్పటికే చాలా నలిగింది.

లక్ష రూపాయలు ఇవ్వమని హైకోర్టు చెప్పింది. అతను జైల్లో ఉన్నది ఎనిమిదేళ్లకు పైనే. లెక్క కట్టి చూడండి, నెలకు వెయ్యి కూడా పడదు. అసలు దోషి ఎవరో తేలక ఆ తల్లిదండ్రులు మళ్లీ కోర్టుల చుట్టూ తిరిగారు. ఒక అబద్ధపు కేసు రెండు ఇళ్లను ముంచింది.

వెయ్యి అంటే గుర్తొచ్చింది. ఆధారం లేకుండా ఎవరినైనా అరెస్టు చేయిస్తే మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం పాత నేరవిచారణ చట్టం సీఆర్‌పీసీ 358వ సెక్షనులో వెయ్యి రూపాయలకు మించదు. అదీ అరెస్టు చేయించినవాడు కట్టాలి, ప్రభుత్వం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 399వ సెక్షను అయింది. నంబరు మారింది, వెయ్యి మారలేదు. నేరవిచారణ చట్టాన్ని మొత్తంగా తిరగరాసినప్పుడు ఈ అంకె ఎవరి కంటా పడలేదా అని బాధేస్తుంది.

కంట పడే అవకాశం అప్పుడు ఉంది కూడా. 2018 ఆగస్టులోనే, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 277వ నివేదిక మీ శాఖకు ఇచ్చింది. తప్పుడు కేసుల్లో నలిగినవాళ్ల కోసం ప్రత్యేక కోర్టులు పెట్టాలని, డబ్బుతో పాటు కౌన్సెలింగు, పని నేర్పించడం లాంటివీ ఉండాలని అందులో రాశారు.

చట్టం లేకపోతే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన కుర్రాళ్లు నిర్దోషులని తేలాక, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇచ్చింది, క్యారెక్టర్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం జీవోను కొట్టేసింది. సుప్రీంకోర్టు 2018లో, తప్పుడు గూఢచర్యం కేసులో నలిగిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారికి 50 లక్షలు ఇప్పించింది, మంచిదే. కానీ గుజరాత్‌లోని అక్షరధామ్ గుడిపై దాడి కేసులో తానే నిర్దోషులని వదిలిపెట్టినవాళ్లు పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు ఒప్పుకోలేదు. ఎవరికి ఎంత, అసలు ఉందా లేదా అన్నది ఇలా కేసు కేసుకూ మారిపోతుంటే పల్లెటూరి కూలీ ఏ లెక్కన ఢిల్లీ దాకా వస్తాడు?

277వ నివేదికను బిల్లుగా పార్లమెంటులో పెట్టండి. ఆ వెయ్యి పరిమితి తీసేయండి. పైకోర్టులో నిర్దోషిగా బయటికొచ్చిన రోజునే, అడగకుండానే, ఖర్చు లేకుండా తీర్పు కాపీ మాతృభాషలో చేతికివ్వండి. పోలీసు రికార్డులో అతని పేరు ఎదుట ‘నిర్దోషి’ అని ఎక్కించే బాధ్యత స్టేషనుకే పెట్టండి.

లామినేషన్ చేయించుకున్న ఆయన మొన్న మళ్లీ కనిపించాడు. చెల్లెలి పెళ్లి ఇంకా కాలేదు.

ఇట్లు
ఒక వకీలు గుమాస్తా, విజయవాడ