మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: చిన్న పడవ నిలకడను కూడా తనిఖీ చేయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ఏడు మీటర్ల డెక్ పడవ మీద ట్రోలింగ్ చేసే సరంగుని. వల ఈడ్చే ట్రాలింగ్ కాదండీ, ట్రోలింగ్. ఈ రెండు మాటలూ ఒకేలా వినబడటం వల్ల మా పని చాలాసార్లు ఎవరి లెక్కలోకీ రాదు. వెనక గాలాలు వదిలి, పడవను ఆపకుండా నెమ్మదిగా నడుపుతూ వంజరం, సూర లాంటి చేపల్ని పట్టడం మా పని. చేపను బట్టి వేగం మారుతుంది, మేం ఎక్కువగా ఐదారు నాట్ల దగ్గర, అంటే గంటకు సుమారు పది కిలోమీటర్ల దగ్గర ఉంటాం. మా కష్టమంతా ఆ వేగం దగ్గరే ఉంది.

వేగం తగ్గితే చుక్కాని మీదికి వచ్చే నీటి తోపు తగ్గుతుంది. తిప్పితే పడవ వెంటనే మాట వినదు. ఈలోగా గాలి ముక్కును పక్కకు నెట్టేస్తుంది. ప్రతి పడవకూ తనదైన ఊగు ఉంటుంది. పక్క నుంచి వచ్చే కెరటాల వరస ఆ ఊగుతో కలిసిందంటే, ఉయ్యాలను అదను చూసి తోసినట్టు ఊపు కెరటం కెరటానికీ పెరుగుతుంది. మామూలుగా అయితే వేగం పెంచో, దారి మార్చో తప్పించుకుంటాం. వెనక నాలుగు గాలాలు ఉన్నప్పుడు ఏదీ అంత సులువు కాదు. గట్టిగా తిప్పితే తాళ్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆపితే వదులైన తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. ఇంజిన్ ఆగిన పడవ తనంతట తానే కెరటాలకు అడ్డంగా పడుతుంది.

రెండేళ్ల కిందట మాకు జరిగింది చెబుతాను. పెద్ద తుపానేమీ లేదు, గాలికి లేచిన పొట్టి కెరటాలు, అంతే. ఒక గాలానికి చేప తగిలింది. తాడు లాగడానికి మా తమ్ముడు లేచి అంచు దగ్గర నిలబడ్డాడు. తాడు వదులు కాకూడదని నేను పడవను అటే తిప్పాను. ఆ తిప్పుడుకి పడవ కెరటాలకు అడ్డం వచ్చింది. మొదటి కెరటం డెక్ మీదికి నీళ్లు పోసింది. ఆ నీళ్లు పోవాల్సిన కన్నాలకు చుట్టి పెట్టిన గాలం తాడు అడ్డం పడి ఉంది. నీళ్లు బయటికి పోక, ఒరిగిన వైపుకే పరిగెత్తాయి. వాటి వెనకే ఐస్ పెట్టె జారింది. రెండో కెరటానికి పడవ తిరిగి లేవడానికి చాలాసేపు పట్టింది. "కూర్చో, కూర్చో" అని అరిచాను. తమ్ముడు చేతిలోని తాడు వదిలేసి, ఎత్తుగా ఉన్న వైపుకి పడుకున్నట్టుగా పడ్డాడు. నేను ముక్కును కెరటం వైపుకి తెచ్చుకున్నాను. మొత్తం అర నిమిషం కూడా కాదు. ఆ తాడు చుట్ట ఇప్పటికీ నా కళ్ల ముందు కనబడుతుంది.

ఆ రోజు మేం చేసిన తప్పుల్లో ఒక్కటి కూడా ఏ తనిఖీలోనూ దొరికేది కాదు. తనిఖీలో కాగితాలు చూశారు, ఇంజిన్ నంబరు చూశారు, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు. జాకెట్లు తప్పకుండా ఉండాలి, ఆ మాట నేను కాదనను. కానీ జాకెట్ పని పడవ బోల్తా పడ్డాక మొదలవుతుంది. పడవ బోల్తా పడకుండా చూడటం అనేది ఎవరి జాబితాలోనూ లేదు. ఒక శిక్షణకు కూడా వెళ్లొచ్చాను. హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించారు. కెరటాన్ని ఏ కోణంలో ఎక్కాలో ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత మేం పెద్దవాళ్లను అడిగి, చేసి చూసి నేర్చుకున్నాం. కెరటాన్ని నేరుగానూ కాదు, పక్కగానూ కాదు, ముక్కుకి కాస్త ఏటవాలుగా తీసుకుని, దారిని వంకర వంకరగా కలుపుకుంటూ పోతాం. తిరగాలంటే పెద్ద చుట్టు తీసుకుంటాం, అది కూడా కెరటాలు కాస్త నెమ్మదించిన అదను చూసి. వెనక నుంచి కెరటాలు వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. కెరటం ముందు వాలు మీద పడవ జారుతూ వేగం అందుకుంటే, వెనక భాగం పక్కకు తిరిగి ఒక్కసారిగా అడ్డం పడిపోతుంది. పడవ ఇలా కుదుపులకు లోనైతే ఎర కూడా ఒకసారి గుంజుకుపోతూ, ఒకసారి చచ్చుబడుతూ ఉంటుంది, అలాంటి ఎరకి చేప పడదు. అందుకే పడవ నిలకడ మాకు ప్రాణానికీ ముఖ్యమే, పనికీ ముఖ్యమే.

బరువులన్నీ కిందకు దించి కట్టేస్తాం. చేప తగిలినా మోకాళ్ల మీదే ఉంటాం, నిలబడం. గాలం తాళ్లను ఎత్తు కర్రలకు కాకుండా వెనక అంచున కిందగా కడతాం, గాలం అడుగున రాయికి తగిలినా పడవను పక్కకు ఒరిగించకుండా. ఇక గరాటులా కుట్టిన గుడ్డ సంచి ఒకటి ఉంటుంది, డ్రోగ్ అంటారు. మధ్య భాగానికి ముందు, రెండు పక్కలా ఒక్కోటి కడితే నీటిని పట్టుకుని పడవను నిదానం చేస్తుంది, ముక్కు అటూ ఇటూ కొట్టుకోవడం తగ్గుతుంది. దాని తాడు ప్రొపెల్లర్ దాకా చేరనంత పొట్టిగా ఉండాలి, ఇది మాత్రం మరవకూడదు. ఇంత చవకైన రక్షణ ఇంకోటి నాకు తెలియదు. అయినా తప్పనిసరి సామాను జాబితాలో అది నాకు కనబడలేదు.

ఇంజిన్ల గురించి కూడా ఒక మాట. అదే శక్తి ఉన్న పాత టూ స్ట్రోక్ కంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సాధారణంగా బరువెక్కువ. పాత పడవకి దాన్ని బిగిస్తే వెనక భాగం ఇంకా కిందకు దిగుతుంది, వెనక కెరటం లోపలికి రావడానికి దారి దొరుకుతుంది. ఇంజిన్ మార్చిన ప్రతి పడవకీ వెనక అంచు నీటికి ఎంత ఎత్తులో ఉందో కొలిపించండి.

చేపల నౌకల భద్రత కోసం అంతర్జాతీయంగా 2012లో కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందం 24 మీటర్లు, అంతకు మించిన చేపల నౌకలకు. మా లాంటి వాళ్ల కోసం ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, కార్మిక, నౌకాయాన సంస్థలు ఎఫ్‌ఏఓ, ఐఎల్‌ఓ, ఐఎంఓ కలిసి 12 మీటర్ల లోపు డెక్ పడవలకూ, డెక్ లేని పడవలకూ భద్రతా సిఫార్సులు తయారుచేశాయి. అవి సిఫార్సులే. మీరు నిబంధనల్లోకి తెస్తే తప్ప మా దాకా రావు.

నేను అడిగేవి పెద్దవి కావు. డ్రోగ్‌ని తప్పనిసరి సామానులో చేర్చండి. శిక్షణలో కనీసం ఒక పూట నీటి మీద, కాస్త అలలున్న రోజున, అనుభవం ఉన్న సరంగు చేత చెప్పించండి. తనిఖీలో నీళ్లు పోయే కన్నాలు చూడమనండి, ఊగు పరీక్ష చేయించమనండి. దానికి గడియారం, టేపు చాలు. నిలిచిన నీటిలో పడవను పక్కలకు ఊపి వదిలి, ఒక పూర్తి ఊగుకి, అంటే ఒక పక్క నుంచి రెండో పక్కకు ఒరిగి మళ్లీ మొదటి పక్కకు వచ్చేదాకా, ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. డెక్ పడవల విషయంలో, డెక్ నీటికి తగినంత ఎత్తులో ఉన్నప్పుడు, ఆ సెకన్ల సంఖ్య మీటర్లలో పడవ వెడల్పు కంటే తక్కువ ఉంటే నిలకడ ఫరవాలేదని ఒక మోటు లెక్క. అంతకు మించితే బరువులు ఎక్కడున్నాయో వెతకాలి.

మేం చేసి చూశాం. మా పడవ వెడల్పు 2.2 మీటర్లు. ఐస్ పెట్టెలు అడుగున ఉన్నప్పుడు 5 ఊగులకు 9 సెకన్లన్నర పట్టింది. అవే పెట్టెల్ని ఎప్పటిలా డెక్ మీద పెట్టి ఊపితే 11 సెకన్లు, అంటే ఒక్కో ఊగుకి సరిగ్గా 2.2. ఆ హద్దు మీదే మేం ఇన్నేళ్లూ సముద్రానికి వెళ్లొచ్చాం. ఆ మాట మాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఇట్లు,
ఒక చిన్న పడవ సరంగు